సీడీ4 ఎర వేసి హెచ్‌ఐవీని ఆపడం: ల్యాబ్‌లో ఈ పరీక్ష ఎలా చేయాలి

పత్తి చేలో లింగాకర్షక బుట్టలు కట్టే ఇంట్లో పుట్టాను. అందుకే సాల్యుబుల్ సీడీ4, అంటే కరిగే సీడీ4 గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు తెలిసిన సంగతే అనిపించింది. గులాబీరంగు పురుగులో మగది ఆడదాని వాసన పట్టుకుని ఎగిరొస్తుంది. ఆ వాసనే చిన్న రబ్బరు ఎరలో పెట్టి బుట్టలో వేలాడదీస్తే, ఆడపురుగు దాకా పోకుండా బుట్టలో పడుతుంది. హెచ్‌ఐవీ కూడా అలాగే ఒకదాన్ని వెతుక్కుంటూ వస్తుంది. మన టీ కణాల మీద ఉండే సీడీ4 అనే ప్రోటీన్ దానికి కావాలి. తన మీద ముల్లులా ఉండే స్పైకులోని జీపీ120 అనే ప్రోటీన్‌తో సీడీ4ని పట్టుకుంటేనే కణంలోకి దారి దొరుకుతుంది. ఆ సీడీ4లో కణం బయట ఉండే భాగాన్ని మాత్రం విడిగా తయారుచేసి, ద్రవంలో కరిగి తిరిగేలా వదిలితే, వైరస్ దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. కణం దాకా రాదు.

ఆలోచన ఇంతే. ఇది నిజంగా జరుగుతోందో లేదో ల్యాబ్‌లో తేల్చడం మాత్రం అంత తేలిక కాదు. మా దగ్గరికి ఏటా జిల్లాల నుంచి, తెలుగు మీడియంలో చదువుకున్న పిల్లలు ప్రాజెక్టుకి వస్తారు. ప్రొటోకాల్ కాగితంలో ఎన్ని మైక్రోలీటర్లు వేయాలో ఉంటుంది, ఎందుకు వేస్తున్నామో ఉండదు. వాళ్లకి నేను నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. నేను ఈ పని చేస్తానని తెలిసి, మా వైపు నుంచి ఒకావిడ ఫోన్ చేసి "ఆ ఇంజెక్షన్ మా తమ్ముడికి ఇప్పించగలవా అమ్మా" అని అడిగింది. ఇది ఎవరికీ ఇచ్చే మందు కాదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి ఈ రోజు పనిచేసే మందు ఏఆర్‌టీ మాత్రలు. ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో 2004 ఏప్రిల్ నుంచి ఉచితంగా ఇస్తున్నారు. మానకుండా వాడితే రక్తపరీక్షలో వైరస్ కనపడనంతగా తగ్గిపోతుంది, అలా తగ్గి ఉన్నంతకాలం లైంగిక సంబంధం ద్వారా ఇంకొకరికి అంటదు. ఆమెకీ ఇదే చెప్పి, దగ్గర్లోని కేంద్రానికి పంపాను.

ఏ వైరస్ మీద చేస్తున్నారో ముందు తేల్చుకోండి

ప్లేట్ తీసే ముందే తేలాల్సిన విషయం ఇది. ఎందుకో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

హెచ్‌ఐవీకి సీడీ4 గ్రాహకమని 1984లో తెలిసింది. 1985లో కొలంబియా యూనివర్సిటీలో పాల్ మాడన్, రిచర్డ్ ఆక్సెల్ బృందం సీడీ4 జన్యువుని క్లోన్ చేసింది. ఇక 1987 చివర, 1988 మొదట్లో నాలుగైదు ల్యాబ్‌లు ఒకదాని వెంట ఒకటి కరిగే సీడీ4ని తయారుచేశాయి. అన్నిచోట్లా వైరస్ ఆగింది. రెండేళ్లలోనే మనుషుల మీద ప్రయోగాలు చేశారు. హాని చేయలేదు, కానీ రోగుల్లో వైరస్ చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పైగా ఎక్కించిన ప్రోటీన్ కొద్దిసేపట్లోనే రక్తంలోంచి పోతోంది.

డేవిడ్ హో బృందం 1990లో దీనికి అసలు కారణం చూపించింది. అంతకుముందు అందరూ వాడినవి ల్యాబ్‌లో ఏళ్ల తరబడి కణాల్లో పెంచిన వైరస్‌లు. రోగి నుంచి తాజాగా తీసిన వైరస్‌ని ఆపడానికి వాటికంటే 200 నుంచి 2700 రెట్లు ఎక్కువ సీడీ4 కావాల్సి వచ్చింది. ల్యాబ్‌లో పెరిగిన వైరస్‌కి మన ఒంట్లోని యాంటీబాడీల భయం లేదు, చుట్టూ కావాల్సినంత సీడీ4 ఉంది. అలా బతికి బతికి దాని స్పైకు విచ్చుకుపోతుంది, సీడీ4 ఎదురైతే చాలు అందుకుంటుంది. మనిషి ఒంట్లో బతికే వైరస్ తన స్పైకుని గట్టిగా ముడుచుకుని ఉంటుంది.

కాబట్టి ఒకే వైరస్ మీద పరీక్ష చేసి "నా సీడీ4 పనిచేస్తోంది" అని రాయొద్దు. కనీసం రెండు ఉండాలి. ఒకటి హెచ్ఎక్స్‌బీ2 లాంటి ల్యాబ్ వైరస్. ఇది తేలిగ్గా ఆగుతుంది కాబట్టి ప్రోటీన్ బతికే ఉందని మీకు చెబుతుంది. రెండోది రోగుల నుంచి తీసిన, అంత తేలిగ్గా ఆగని, టైర్ 2 అనే తరగతిలోది. మన దేశంలో ఎక్కువగా తిరిగేది సబ్‌టైప్ సీ అనే రకం. భారతీయుల నుంచి తీసిన సబ్‌టైప్ సీ ఎన్వలప్ (స్పైకుని తయారుచేసే జన్యువు) క్లోన్‌లు పరిశోధకులకి అందుబాటులో ఉన్నాయి, వాటిలో ఒకటి తీసుకోండి. మన ఊళ్లలో ఉన్న వైరస్ ఎలా ప్రవర్తిస్తుందో చూడకుండా, ఎక్కడో దశాబ్దాల కింద సీసాలో పెంచిన వైరస్‌ని ఆపామని సంతోషపడితే మనం ఎవరికోసం పనిచేస్తున్నట్టు?

మూడోది కూడా ఒకటి కావాలి. దాని గురించి తర్వాత చెబుతాను. అది పెట్టుకోక నేను మూడు నెలలు పోగొట్టుకున్నాను.

సిద్ధం చేసుకోవాల్సినవి

మనం వాడేది అసలు హెచ్‌ఐవీ కాదు, సూడోవైరస్. ల్యాబ్‌లో పెంచే 293టీ కణాల్లోకి రెండు ప్లాస్మిడ్లు, అంటే గుండ్రటి డీఎన్ఏ ముక్కలు పంపిస్తాం. ఒకటి ఎన్వలప్ లేని హెచ్‌ఐవీ వెన్నెముక, పీఎస్‌జీ3డెల్టాఎన్వ్. రెండోది మనకి కావాల్సిన ఎన్వలప్. రెండూ కలిసి తయారైన రేణువు కణంలోకి ఒక్కసారే దూరగలదు, అక్కడి నుంచి కొత్త వైరస్‌ని పుట్టించలేదు. అలాగని అజాగ్రత్త పనికిరాదు. బీఎస్‌ఎల్-2 హుడ్‌లోనే, గ్లవ్స్‌తోనే, వాడిన ప్రతి టిప్పూ బ్లీచ్‌లో వేస్తూ చేయాలి. అసలు వైరస్‌తో చేసే పనికి ల్యాబ్ వేరు, శిక్షణ వేరు.

పరీక్షకి వాడే కణాలు టీజెడ్ఎమ్-బీఎల్. ఇవి హీలా కణాల నుంచి తయారైనవి. సీడీ4తోపాటు, దాని తర్వాత వైరస్ పట్టుకునే సీసీఆర్5, సీఎక్స్‌సీఆర్4 కూడా వీటి మీద ఉంటాయి. వైరస్ లోపలికి వెళ్లి టాట్ ప్రోటీన్ తయారుకాగానే కణంలో లూసిఫరేజ్ అనే వెలుగిచ్చే ఎంజైమ్ మొదలవుతుంది. అంటే ఎంత వెలుగొస్తే అంత ఇన్‌ఫెక్షన్ అన్నమాట. ఈ కణాల్లో ఎలుకల లుకేమియా వైరస్ ఒకటి ముందునుంచే చేరి ఉందని 2008లో బయటపడింది. మన కొలతకి అడ్డం రాదు కానీ, వీటిని మిగతా కణాల ఫ్లాస్కుల దగ్గర తెరవకండి, మీడియా సీసా కూడా విడిగా పెట్టుకోండి.

సీడీ4 ప్రోటీన్ రాగానే చేయాల్సిన మొదటి పని, చిన్న చిన్న ట్యూబుల్లో పంచుకుని మైనస్ 80లో పెట్టడం. ఒక ట్యూబు ఒక్కరోజుకే. కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తే ప్రోటీన్ ముద్దలు కడుతుంది, కొలిస్తే అంతే ఉంటుంది కానీ పట్టు పోతుంది. ట్యూబుని వోర్టెక్స్ మీద పెట్టొద్దు, వేలితో మెల్లగా తట్టండి. నురగ వచ్చిందంటే ఆ మేరకు ప్రోటీన్ పాడైనట్టే.

ప్లేట్

96 గుంటల ప్లేట్ తీసుకోండి. మొదటి కాలమ్ కణాలకి మాత్రమే. అందులో వైరస్ వేయం, 150 మైక్రోలీటర్ల మీడియా వేస్తాం. రెండో కాలమ్ వైరస్ కంట్రోల్, 100 మైక్రోలీటర్ల మీడియా, సీడీ4 ఉండదు. ఈ రెండు కాలమ్‌లూ బాగుంటేనే మిగతా ప్లేట్‌కి అర్థం.

మూడో కాలమ్ నుంచి సీడీ4. ఏ నుంచి జీ దాకా 100 మైక్రోలీటర్ల మీడియా వేయండి. కింది వరస హెచ్‌లో మాత్రం మీడియాలో కలిపిన సీడీ4, మిల్లీలీటరుకి 75 మైక్రోగ్రాముల చొప్పున 150 మైక్రోలీటర్లు. అక్కడి నుంచి 50 తీసి పైగుంటలో కలపండి, అందులోంచి 50 తీసి ఆ పైగుంటలో. ఇలా ఏ దాకా వెళ్లి, చివరి 50 పారేయండి. ఒక్కో మెట్టుకి మూడో వంతవుతుంది.

ఇక్కడ చెయ్యి నెమ్మదిగా ఉండాలి. టిప్పుని గుంటలో ముంచి తీస్తే దాని బయట గోడకి సన్నటి తేమ అంటుకుని ఉంటుంది. కళ్లకి దాదాపు కనపడదు, హుడ్ లైటుకి ఏటవాలుగా పట్టుకుంటే ఒక మెరుపులా కనిపిస్తుంది. ఆ తేమలో కింది గుంటలోని ఎక్కువ మోతాదు సీడీ4 ఉంది. అదే టిప్పుతో ఎనిమిది గుంటలూ ఎక్కితే, పైన ఉండాల్సినదానికంటే ఎక్కువ ప్రోటీన్ చేరుతుంది, మీ సీడీ4 ఉన్నదానికంటే బలమైనదని తేలుతుంది. అందుకే నేను ప్రతి మెట్టుకీ టిప్పు మారుస్తాను. టిప్పుల ఖర్చు ఎక్కువని ల్యాబ్‌లో అంటారు, అననివ్వండి. ఒక్కో గుంటలో ఆరేడు సార్లు పైకీ కిందికీ కలపండి, చివర్లో గాలి ఊదొద్దు.

ఇప్పుడు రెండో కాలమ్ నుంచి అన్నిటిలో 50 మైక్రోలీటర్ల వైరస్. దాంతో గుంటలో మొత్తం 150 అవుతుంది, సీడీ4 మోతాదులు 50తో మొదలై 16.7, 5.6, 1.9, 0.62, 0.21, 0.07, 0.02 దగ్గర ఆగుతాయి. ఇవి వైరస్‌తో కలిసిన క్షణంలోని లెక్కలు. తర్వాత కణాలు వేస్తే ఇంకా పలచబడుతుంది, కానీ గ్రాఫులో ఈ అంకెలే రాస్తాం. ఇంకొకరి ఫలితంతో పోల్చేటప్పుడు వాళ్లూ ఇలాగే లెక్కగట్టారా అని చూసుకోండి.

37 డిగ్రీల దగ్గర ఒక గంట. ఈ గంటని తేలిగ్గా తీసుకోవద్దు. సీడీ4 వైరస్‌ని మూడు రకాలుగా దెబ్బతీస్తుంది. పట్టుకునే చోటుని ఆక్రమిస్తుంది, కొన్ని వైరస్‌ల మీద నుంచి జీపీ120ని రాలగొడుతుంది, కణం దగ్గరికి రాకముందే స్పైకు విప్పుకునేలా చేసి దాన్ని వృథా చేస్తుంది. తర్వాతి రెండూ సమయాన్ని బట్టీ వేడిని బట్టీ మారేవే. ఒకరోజు గంట, ఇంకోరోజు టీ తాగొచ్చి గంటన్నర అయితే రెండు ప్లేట్లకీ పొంతన ఉండదు. టైమర్ పెట్టుకోండి.

గంట కాగానే గుంటకి 10,000 కణాల చొప్పున 100 మైక్రోలీటర్లు, అన్నిటిలోనూ. ఆ మీడియాలో డీఈఏఈ-డెక్స్‌ట్రాన్ కలిపి ఉండాలి, లేకపోతే వైరస్ ఈ కణాలకి సరిగ్గా అంటుకోదు. ఎక్కువైతే కణాలు చస్తాయి. మీ దగ్గరున్న లాట్‌కి ఎంత కావాలో ముందే ఒక ప్లేట్ మీద చూసుకుని, ఆ మోతాదే చివరిదాకా వాడండి. 48 గంటలు ఇంక్యుబేటర్‌లో. మే నెలలో మా దగ్గర ట్రేలో నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి, అంచు గుంటలు ఎండిపోయి రీడింగ్ పక్కకి పోతుంది. రోజూ ట్రే చూడండి, ప్లేట్‌ని తడిగుడ్డ వేసిన డబ్బాలో పెట్టండి.

రెండ్రోజులయ్యాక 150 మైక్రోలీటర్లు తీసేసి, 100 లూసిఫరేజ్ రీఏజెంట్ వేసి, రెండు నిమిషాలాగి, అందులో 150 నల్ల ప్లేట్‌కి మార్చి లూమినోమీటర్‌లో చదవండి. వైరస్ కంట్రోల్ వెలుగు, కణాల కంట్రోల్ కంటే కనీసం 10 రెట్లు ఉండాలి. లేకపోతే ఆ ప్లేట్ లెక్కలోకి రాదు.

లెక్క ఇలా. వైరస్ కంట్రోల్ 1,50,000, కణాల కంట్రోల్ 1,000, మీ గుంట 40,000 అనుకుందాం. మూడో అంకెలోంచీ మొదటి అంకెలోంచీ 1,000 తీసేస్తే 39,000, 1,49,000. 39,000ని 1,49,000తో భాగిస్తే 0.26. అంటే 26 శాతం ఇన్‌ఫెక్షన్ మిగిలింది, 74 శాతం ఆగింది. సగం ఆగే మోతాదుని ఐసీ50 అంటాం.

మూడో వైరస్ కథ

నా పీహెచ్‌డీ మొదటి సంవత్సరంలో పాత ఫ్రీజర్ డబ్బాలో దొరికిన సీడీ4 ట్యూబుతో మొదలుపెట్టాను. దాని మీద పేరు, తేదీ, మోతాదు ఉన్నాయి. మొదటి ప్లేట్‌లోనే టైర్ 2 వైరస్ 90 శాతం ఆగింది. రెండో ప్లేట్, మూడో ప్లేట్ అంతే. ఇంటికి ఫోన్ చేసి అమ్మకి కూడా చెప్పాను. మూడు నెలలు అదే ట్యూబులతో ఒక్కో వైరస్ చేస్తూ పోయాను.

అప్పుడు మా సీనియర్ అక్క ప్లేట్ చూసి, వీఎస్‌వీ-జీ, అంటే వేరే వైరస్ తాలూకు ఎన్వలప్ ఉన్న సూడోవైరస్ పెట్టావా అని అడిగింది. దానికి సీడీ4తో పని లేదు, వేరే దారిలో కణంలోకి వెళ్తుంది. కాబట్టి సీడీ4 దాన్ని ఆపకూడదు. పెట్టి చూస్తే అదీ ఆగింది. హెచ్, జీ వరసల్లో మాత్రమే, అంటే అన్నిటికంటే ఎక్కువ ఉన్న రెండు మోతాదుల్లో. మైక్రోస్కోపు కింద ఆ గుంటల్లో కణాలు పలచగా, గుండ్రంగా ముడుచుకుపోయి ఉన్నాయి. వెతగ్గా వెతగ్గా ఆ బ్యాచ్ తాలూకు పాత నోట్‌బుక్ దొరికింది. ప్రోటీన్ పాడవకుండా సోడియం అజైడ్ కలిపారట. నేను మూడు నెలలు కొలిచింది సీడీ4 పనిని కాదు, అజైడ్ విషాన్ని.

అప్పటినుంచి ప్రతి ప్లేట్‌లో వీఎస్‌వీ-జీ వైరస్ ఉంటుంది. అది చాలా ఎక్కువ వెలుగిస్తుంది, కాబట్టి బాగా పలచన చేసి వాడండి. పక్కనే ప్రోటీన్ లేకుండా దాని బఫర్ ఒక్కటే వేసిన కాలమ్ కూడా పెట్టండి. కొత్త ప్రోటీన్ ఏది వచ్చినా 4 డిగ్రీల దగ్గర పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌లోకి డయాలసిస్ చేసి (సన్నటి పొర గుండా పాత బఫర్‌లోని చిన్న అణువులని బయటికి పోనిచ్చి), మధ్యలో రెండుసార్లు పీబీఎస్ మార్చి, ఆ తర్వాతే మొదలుపెట్టండి. ట్యూబు మీద మోతాదుతోపాటు బఫర్ పేరు కూడా రాయండి. తర్వాత తెరిచేవాళ్లు ఎవరో మీకు తెలియదు.

మైనస్ అంకెలు వస్తే చెరిపేయొద్దు

టైర్ 2 వైరస్‌తో చేసినప్పుడు తక్కువ మోతాదు గుంటల్లో ఒక్కోసారి వైరస్ కంట్రోల్ కంటే ఎక్కువ వెలుగొస్తుంది. లెక్కలో మైనస్ 20, మైనస్ 30 శాతం అని పడుతుంది. పిల్లలకి టెన్షన్ వచ్చి వాటిని సున్నా చేసేస్తారు. వద్దు. అది పైపెట్ తప్పు కావచ్చు, నిజం కూడా కావచ్చు.

సీడీ4ని పట్టుకున్న జీపీ120 ఆకారం మార్చుకుని, తర్వాతి మెట్టైన సీసీఆర్5ని పట్టుకునే చోటుని బయటపెడుతుంది. వైరస్ మీద స్పైకులు సుమారు 14 ఉంటాయి. సీడీ4 చాలినంత ఉంటే అన్నీ మూతపడతాయి. కొద్దిగానే ఉంటే కొన్ని స్పైకులు విచ్చుకుని, సీసీఆర్5 ఉన్న కణం కోసం సిద్ధంగా ఉంటాయి. దగ్గర్లో కణం దొరికితే దూరిపోతాయి, దొరక్కపోతే కొంతసేపటికి ఆ విచ్చుకున్న స్పైకు పనికిరాకుండా పోతుంది. చేలో బుట్టలు చాలకపోతే పురుగు తగ్గదు, అంతవరకే. ఇక్కడ ఎర చాలకపోతే ఇన్‌ఫెక్షన్ పెరగొచ్చు కూడా.

నిజమో కాదో తేల్చడానికి సీడీ4 లేకుండా సీసీఆర్5 మాత్రమే ఉన్న కణాలు వాడండి. సీఎఫ్2టీహెచ్-సీసీఆర్5 అని కుక్క థైమస్ నుంచి వచ్చిన కణాలు ఇందుకు సరిపోతాయి. వీటిలోకి మామూలుగా హెచ్‌ఐవీ సూడోవైరస్ వెళ్లదు. కరిగే సీడీ4 కలిపాక వెళ్లిందంటే, ఆ సీడీ4 తలుపు తీస్తోందన్నమాట. వీటిలో టీజెడ్ఎమ్-బీఎల్‌లో ఉన్న లూసిఫరేజ్ ఉండదు, కాబట్టి వెన్నెముకలోనే లూసిఫరేజ్ ఉన్న వైరస్ తయారుచేసుకోవాలి.

ఈ లోపాన్ని చూసే తర్వాతివాళ్లు సీడీ4ని మార్చారు. మొదట 1989లో యాంటీబాడీ తోకకి అతికించి సీడీ4-ఐజీ చేశారు, రక్తంలో ఎక్కువసేపు నిలిచింది. 2015లో మైఖేల్ ఫర్జాన్ బృందం దానికి సీసీఆర్5ని పోలిన చిన్న పెప్టైడ్ కూడా తగిలించి ఈసీడీ4-ఐజీ అని పేరు పెట్టింది. సీడీ4 పట్టుకోగానే బయటపడే ఆ రెండో చోటుని కూడా అదే అణువు మూసేస్తుంది. కోతుల్లో దాని జన్యువుని ఏఏవీ అనే జన్యువుని మోసుకెళ్లే వైరస్ ద్వారా కండరంలోకి పంపి, వైరస్ నుంచి కాపాడగలిగారు. నాకు ఈ పనిలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

మీరు సీడీ4నీ సీడీ4-ఐజీనీ పక్కపక్కన పెడితే మైక్రోగ్రాముల్లో పోల్చొద్దు, నానోమోలార్‌లోకి మార్చండి. నాలుగు డొమైన్ల సీడీ4 బరువు సుమారు 45 కిలోడాల్టన్లు. మిల్లీలీటరుకి 50 మైక్రోగ్రాములంటే దాదాపు 1100 నానోమోలార్. సీడీ4-ఐజీ దాదాపు రెండింతల బరువుంటుంది, అదే 50 మైక్రోగ్రాముల్లో అణువులు సగమే.

ప్రతి వైరస్‌నీ ఇంకో రోజు, కొత్త ట్యూబుతో మళ్లీ చేయండి. రెండు ఐసీ50లూ మూడు రెట్ల తేడా లోపల ఉంటే సరే, లేకపోతే మూడోసారి చేయాల్సిందే. అన్నిటికంటే ఎక్కువ మోతాదులోనూ సగం ఆగకపోతే గ్రాఫుని సాగదీసి అంకె పుట్టించొద్దు.

పోయిన నెల ఒక అమ్మాయి తన మొదటి ప్లేట్ తెచ్చింది. హెచ్ఎక్స్‌బీ2 మైక్రోగ్రాము లోపలే సగానికి పడింది, వీఎస్‌వీ-జీ కదల్లేదు. సబ్‌టైప్ సీ మాత్రం 50 దగ్గర 38 శాతమే ఆగింది. ఆ గడి ఖాళీగా వదిలేసి, "ఫెయిలయింది కదా అక్కా" అంది. "50 కంటే ఎక్కువ అని రాయమ్మా, అదే ఫలితం" అన్నాను. రాసింది. ఆ సాయంత్రమే రెండోసారికి కణాలు విడగొట్టి పెట్టుకున్నాం.